నీళ్లియ్యని బోరు

"ఇంత కంపు యాడిది? పీవీసీ కలిపినావు కదా రూతూ!"

"ఏమప్పా ఇంజనీరూ, నేను కలిపేది నువ్వు చూసినావా?"

శింగనమల శివారు షెడ్డులో పొద్దున్నే మొదలైన గొడవ ఇది. పాత డ్రిప్పు పైపుల్ని గాలి తగలకుండా కాచి ఇంధనం తీసే యంత్రం విజయభాస్కర్‌ది. పొలాల వెంట తిరిగి ఆ పైపులు ఏరి తెచ్చేది రూతు. వాటిలో పీవీసీ ముక్కలు కలిస్తే ఘాటు పొగ లేచి, నూనె చక్కగా దిగేలా చేసే క్యాటలిస్టు పొడి పాడవుతుంది. ఇక మిగిలింది ఒక్క డబ్బా. మర్నాడు షెడ్డుకు డబ్బిచ్చే కాలేజీవాళ్లు వస్తారు. వాళ్ల ముందు ఆ నూనెతో ఇంజను తిరగకపోతే షెడ్డుకు తాళమే.

"నీళ్ల తొట్లో తేలిండేవే నీకు తెచ్చేది. పీవీసీ మునుగుతాది, దాన్ని ఆడ్నే పారేస్తా," అని రూతు కళ్లెర్రజేసింది.

ఎర్రబడినా ఆ కళ్లు బాగానే ఉన్నాయని భాస్కర్‌కు తోచింది. వేళగాని వేళ ఇలాంటివి తోచడం అతనికి అలవాటే.

మూలనుంచి దగ్గు వినిపించింది. భాస్కర్ నాయన ఎర్రప్ప.

"నేనే భాస్కరా. మన ఎండిపోయిన బోరు పైపు తునకలు చేసి కుప్పలో ఏసినా. నీళ్లియ్యకపాయె, నూనన్నా ఇస్తాదేమోనని."

రూతు చరచరా వెళ్లిపోయింది. అలిగిందనే అనుకున్నాడు భాస్కర్. అరగంటలో ఆటోలోంచి నాలుగు బిందెలు దించింది. ట్యాంకరు వచ్చినప్పుడు ఇంటికి పట్టుకున్న నీళ్లు.

"తాగే నీళ్లు కదా రూతూ!"

"ఇంజను తిరిగినాక నువ్వే నింపి మోద్దువులే. తొట్లో పొయ్యి, కుప్పంతా మళ్లా తేలేసి ఏరుదాం."

మధ్యాహ్నం దాకా ముగ్గురూ ఏరారు. మునిగిన ముక్కల్ని ఎర్రప్ప తల వంచుకుని తీసి పక్కన పడేశాడు. తేలినవి ఎండకు ఆరాయి. సాయంత్రం కాచినప్పుడు ఘాటు లేదు.

మర్నాడు ఇంజను రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది. షెడ్డు నిలబడింది.

చప్పట్లు ఆగకముందే భాస్కర్ ట్యాంకరు దగ్గరికి పరుగెత్తి, బిందెలు నింపి ఆటోలో రూతు ఇంటికి చేర్చాడు.

"తప్పు మాటన్నా రూతూ. నీ పుణ్యాన బతికినా. దినామూ ఈ బిందెలు మోసే పని నాకే ఇస్తావా?"

"పెండ్లి అని నోరారా అడగలేవా, ఇంజనీరూ?"

"పెండ్లి చేసుకుందామా?"

"మీ నాయన ఒప్పుకోవల్ల," అంది రూతు నవ్వు దాచుకుంటూ.

నాలుగో బిందె మోసుకుంటూ వెనకే వచ్చిన ఎర్రప్ప దాన్ని గడపలో దించాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ బోరు ఏమీ ఇయ్యలేదని పదేండ్లు తిట్టుకుంటి తల్లీ. కోడల్ని ఇచ్చినాది."