డీలో ఆగిన కారు

తెల్లారేసరికి ఆకాశం సముద్రం వైపు నల్లగా, అవనిగడ్డ వైపు కడిగిన పళ్ళెంలా తేటగా ఉంది. ఏది గెలుస్తుందో తేలకముందే ఏటిమొగ రేవులో పంటు నిండిపోయింది. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన పంటు అది. ముందు ఓ తెల్ల కారు, వెనక పాతిక మోటారు సైకిళ్ళు, ఓ కోళ్ళ ఆటో.

శామ్యూల్ రాజ్ బండికి స్టాండు వేసి చివర నిలబడ్డాడు. చల్లపల్లిలో అతనికి మెకానిక్ షెడ్డుంది. మనిషికి మాట తక్కువ, చెవి ఎక్కువ.

తెల్ల కారులోంచి శాంతి దిగింది. చున్నీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ అతని పక్కకి చేరింది.

"అవతలి రేవు వచ్చేలోపు నాన్నతో చెప్తావా, చెప్పవా?"

"చెప్తా."

"మూడు నెలల నుంచీ ఇదే 'చెప్తా'. శుక్రవారం నన్ను చూడ్డానికి గుడివాడ వాళ్ళు వస్తున్నారు. నాన్న సరే అన్నారంటే ఇక మాట తప్పరు."

"ఆయన దగ్గర లెక్కలు చదువుకున్నాను శాంతీ. ఇప్పటికీ కనబడితే చేతులు కట్టుకుంటాను."

"చేతులు కట్టుకునే ఉండు. నోరు తెరువు చాలు!"

కారులో ఉన్నది శాంతి నాన్న, జీవానందం మేష్టారు. ఎడమ మోకాలు అరిగిందని పదిహేను రోజుల కిందటే క్లచ్ లేని ఆటోమేటిక్ కొన్నారు. అంతకుముందు ముప్పై ఏళ్ళు మామూలు గేరు బండే.

పంటు నడిపే పున్నారావు ఇటుకలు పట్టుకొచ్చి చక్రాల కింద పెట్టాడు. ఎక్కిన ప్రతి కారుకీ చెప్పేదే చెప్పాడు.

"ఇంజను ఆపి గేర్లో పెట్టండి మేష్టారూ! హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగండి."

మేష్టారు చెప్పినట్టే చేశారు.

ఎదురుమొండి ఒడ్డు వచ్చింది. పున్నారావు ఇటుకలు తీశాడు. మేష్టారు తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. మళ్ళీ తిప్పారు. అంతే.

"బ్యాటరీ పోయింది!" అన్నాడు కోళ్ళ ఆటో అతను.

"నీళ్ళు తీస్తున్నాయండీ, ఇంకాసేపైతే పంటు బురదలో కూర్చుంటుంది. తోసి స్టార్ట్ చేద్దాం, పట్టండర్రా!" అని కేకేశాడు పున్నారావు.

వెనక బళ్ళన్నీ హారన్లు కొట్టాయి. మేష్టారికి ఒళ్ళు మండి తనూ కొట్టారు. రేవంతా మోగింది.

ఆ మోత విని శామ్యూల్ ముందుకొచ్చాడు. అంత గట్టిగా అరిచే కారుకి బ్యాటరీ ఎలా పోతుంది? అద్దంలోంచి చూశాడు. లివరు డి దగ్గర ఉంది.

పాతిక మంది ముందు మేష్టారి తప్పు దిద్దాలి. అదీ ఇవాళే. ఆయన మొహం మాడిందా, శుక్రవారం ఖాయం. శాంతి వద్దన్నట్టు తలూపింది.

అతను వంగి, ఆయన చెవికి మాత్రమే వినబడేట్టు అన్నాడు. "బ్యాటరీ బాగుందండీ. గేరు డిలో ఉంది."

"గేర్లో పెట్టమన్నాడుగా?"

"ఆ మాట క్లచ్ బళ్ళకండీ. దీనికి డి అంటే నడవమని. అందులో ఉంటే స్టార్టరు తిరగదు, తిరిగితే బండి దూకేస్తుందని. పి అంటే పార్కింగ్‌లోగానీ, ఎన్ అంటే న్యూట్రల్‌లోగానీ ఉండాలి."

"మరి తోస్తే?"

"ఎంత తోసినా లాభం లేదండీ. దీంట్లో గేరుని పట్టేది నూనె ఒత్తిడి. ఇంజను ఆగితే అదీ పోతుంది. ఇందాకటి దాకా కారుని ఆపింది హ్యాండ్ బ్రేకూ, పున్నారావు ఇటుకలే. పిలో పెడితే లోపల ఓ కొక్కెం పళ్ళచక్రంలో పడుతుంది. అదీ పట్టు."

మేష్టారు పక్కకి జరగబోయారు. "నువ్వే తియ్యి."

"మీరే చెయ్యండి. కుడికాలు బ్రేకు మీద. ఎడంకాలు సీటు కిందకి లాక్కోండి, లేకపోతే క్లచ్ అనుకుని అదీ బ్రేకే తొక్కుతుంది. లివరు బొత్తం నొక్కి ముందుకి, చివరిదాకా."

టక్కుమంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వెనక వాళ్ళంతా ఈలలు వేశారు.

గట్టెక్కాక మేష్టారు కారు ఆపి, పిలో పెట్టి, పెట్టానో లేదోనని ఇంకోసారి చూసుకుని శామ్యూల్‌ని పిలిచారు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"ఇంకేమన్నా తప్పుందా బండిలో?"

"బండిలో లేదండీ."

"మరి?"

"గుడివాడ వాళ్ళని శుక్రవారం రమ్మన్నారు చూడండి, అది."

శాంతి ఈసారి నిజంగానే చున్నీ సర్దుకుంది.

"శాంతీ నేనూ ఇష్టపడ్డామండీ. మూడేళ్ళయింది. షెడ్డు నాదే, పని చేతిలో ఉంది. తనని చక్కగా చూసుకుంటాను. మా పెళ్ళి మాట మిమ్మల్నే అడగాలని వచ్చాను."

చేతులు కట్టుకునే అన్నాడు. కానీ చూపు దించలేదు.

మేష్టారు కూతురి వైపు తిరిగారు. "అందుకేనా అత్తయ్యని చూడ్డానికి నేనూ వస్తానన్నావు?"

"కొంత అత్తయ్య పులుసు కోసం కూడా నాన్నా."

ఆయన నవ్వలేదు. వాన చూశారు, తడుస్తున్న కుర్రాణ్ణి చూశారు.

"మా వెనకే రా."

ఎదురుమొండిలో శాంతి అత్తయ్య సరోజ ఇంకో పళ్ళెం వేసింది. ఎవరని అన్నయ్యని అడగలేదు. పండుగప్ప చేప పులుసు పొగలు కక్కుతోంది. వాళ్ళింట్లో అన్నం ముందు ప్రార్థన ఇంటివాళ్ళే చెయ్యాలి. పాస్టరు గారు తప్ప బయటివాళ్ళెవరికీ ఆ పని చెప్పి ఎరగరు.

మేష్టారు కళ్ళు మూసుకుని అన్నారు.

"శామ్యూలూ, ప్రార్థన చెయ్యి."

సరోజ చేతిలో గరిటె ఆగిపోయింది. శాంతి తల దించుకుంది.

"ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. ఈ ఇంటికి స్తోత్రం. ఆమెన్."

ఆమెన్, అన్నారు ముగ్గురూ. సరోజ అతని పళ్ళెంలో పెద్ద ముక్క వేసింది. తర్వాత అందరూ కడుపు నిండా తిన్నారు.