బుజ్జి బతికిన ఆట

పక్కింటి చరణ్‌తేజ్ గారు పోయిన సంగతి ఇంట్లోని కథాసారథి యంత్రం జోషితకు ఆమె కాఫీ తాగడం పూర్తయ్యాకే చెప్పింది. అదీ ఒక్కసారిగా కాదు. ముందు ఆయన పెరట్లో పెంచిన మల్లెల గురించి మాట్లాడింది, తరవాత ఆయన అనారోగ్యం గురించి, ఆఖరున "తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారండి" అంది. జోషిత మణికట్టుకున్న నాడిపట్టీ ఆమె గుండె వేగాన్ని గోడలోని కథాసారథికి చేరవేస్తూనే ఉంది. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆ వేగాన్ని బట్టే యంత్రం తేల్చుకుంటుంది. ఒక్క అమలాపురంలోనే కాదు, ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా వార్తలూ పాఠాలూ కథలూ మనిషి తట్టుకోగలిగిన మేరకే అందుతున్నాయి. ఇదే కబురు బెంగుళూరులో ఉన్న ఆయన కూతురికి ఎలా చెప్పిందో, అసలు ఇంకా చెప్పిందో లేదో జోషితకు తెలియదు.

ఆ పూటే కథల మండలి నుంచి వైష్ణవి అనే అధికారి వచ్చింది.

"గండి గురించేనండి," అంది కూర్చుంటూ.

గండి ఒక పాత్రల ఆట. జోషిత అన్నయ్య లోహిత్ వయసులో ఉండగా రాశాడు. కథాసారథులు రాకముందు జనం బల్ల చుట్టూ కూర్చుని అలాంటివి ఆడేవారు. ఒకరు సూత్రధారిగా కథ చెబుతుంటే, మిగిలినవాళ్ళు అందులో ఒక్కో మనిషిగా మారి తామేం చేస్తారో చెప్పాలి. సందేహం వచ్చినచోట పాచికలు తేలుస్తాయి. గండిలో గోదావరికి వరదొచ్చి లంక గట్టు తెగుతుంది. ఊరంతటికీ ఒకటే పడవ. ఓ ఇంటి అటక మీద బుజ్జి అనే పిల్ల ఉండిపోతుంది. ఆడేవాళ్ళు ఏం చేసినా, పాచిక ఎంత బాగా పడినా, బుజ్జి దక్కదు.

ఆట అచ్చయినప్పుడే దాని మీద గొడవ మొదలైంది. ప్రయత్నానికి ఫలితం లేనప్పుడు అది ఆటెలా అవుతుందని కొందరు, పసిపిల్లను చంపి సరదా పడుతున్నాడని కొందరు లోహిత్‌ని తిట్టిపోశారు. ఓ సభలో ఎవరో ఆ పుస్తకాన్ని చింపి అతని మొహాన కొట్టారు. అతను ఎవరికీ జవాబు చెప్పలేదు.

జవాబు జోషితకు తెలుసు. బుజ్జి లోహిత్, జోషితల సొంత చెల్లెలు. వరదొచ్చిన రోజు అమ్మ కాకినాడ ఆసుపత్రిలో ఉంది. లోహిత్ జోషితను చెయ్యి పట్టుకుని పడవ దాకా లాక్కొచ్చాడు. బుజ్జి కోసం వెనక్కి తిరిగాడు గానీ, ఛాతీ దాకా లేచిన నీళ్ళు చూసి ఆగిపోయాడు. అమ్మ తిరిగొచ్చి, "వెనక్కి వెళ్ళలేకపోయావురా?" అని ఒక్క మాట అడిగింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి కొడుకుతో మనసిచ్చి మాట్లాడలేదు. అతను పడవవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి నీళ్ళు ఎంత జోరుగా వచ్చాయో అడిగాడు. గట్టు ఎత్తు కొలిచాడు. తెలిసినదంతా ఆట నియమాలుగా రాసి, ఓ మధ్యాహ్నం అమ్మను బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆటలో అమ్మ తాడు కట్టుకుని వెళ్ళింది. అరటి బోదెల తెప్ప వేసుకుని వెళ్ళింది. పొద్దు వాలేదాకా ఆడుతూనే ఉంది. చివరికి పాచికలు పక్కనపెట్టి, "నువ్వెళ్ళుంటే ఇద్దరూ పోయేవారు నాన్నా," అంటూ అతని తలను గుండెలకు ఆనించుకుంది. ఇది నలుగురిలో చెప్పుకోవడం లోహిత్‌కి ఇష్టం లేకపోయింది.

"ఫిర్యాదులు చాలా వచ్చాయండి," అంది వైష్ణవి. "కథాసారథి ఈ ఆట ఆడిస్తున్నప్పుడు, పాప పోయే చోటికి వచ్చేసరికి ఆడేవాళ్ళ నాడి అదుపు తప్పుతోంది. ఇక రెండే దారులు. ఆట పూర్తిగా తీసెయ్యాలి, లేదంటే కథాసారథిని సర్దుకోనివ్వాలి."

"సర్దుకోవడమంటే?"

"ఎవరైనా వెనక్కి వెళ్తే పాప దొరుకుతుంది. ఆయ్, అంతేనండి. మిగతాది అక్షరం ముట్టుకోం."

జోషిత లోపలికెళ్ళి అన్నయ్యను అడిగింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి లోహిత్ మాట ముద్దగా వస్తోంది. ఇలాంటి వ్యవహారాలన్నీ చెల్లెలికే వదిలేశాడు. "నువ్వెలా అంటే అలాగేనే," అన్నాడు కిటికీ వైపే చూస్తూ.

తీసేస్తే అతను జీవితంలో చేసిన ఒకే ఒక్క పని మాసిపోతుంది. పైగా ఒక్క చోటైనా బుజ్జి బతికితే బాగుండునని ఆమెకూ లోపల్లోపల ఉంది. ఒప్పుకుంది.

వానలు మొదలయ్యాక లోహిత్ మనవరాలు ఆద్య కాలేజీ స్నేహితుల్ని ఇంటికి పిలిచింది. అందరూ హాల్లో చేరి గండి ఆడారు. సూత్రధారి కథాసారథే. లోహిత్ చక్రాల కుర్చీలో గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నాడు.

గట్టు తెగింది. "నేను వెనక్కెళ్తా," అంది ఆద్య, జంతిక కొరుకుతూ.

"నీళ్ళు నీ నడుం దాకా ఉన్నాయి," అంది గోడలోంచి గొంతు. "అటక మీంచి ఓ చిన్న చెయ్యి నీ వైపు సాగింది. పట్టుకున్నావు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆద్య వెనక్కి తిరిగి నవ్వింది. "తాతయ్యా, ఇంత తేలికైన ఆటకి అప్పట్లో అంత రాద్ధాంతం ఎందుకు? వెనక్కెళ్తే సరిపోయేదిగా!"

బుజ్జి ఎవరో ఆద్యకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు లోహిత్ అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. మందులిద్దామని వెళ్ళిన జోషితకు గది బయటే అతని గొంతు వినిపించింది.

"నేను వెనక్కెళ్తే దొరికేదా?"

కథాసారథి అతని నాడి చూసుకుంది. ఆట గురించే అడుగుతున్నాడనుకుంది. "దొరికేదండి," అంది మెత్తగా.

అతని నాడి ఇంకా దిగజారింది. యంత్రం గొంతు మరింత మెత్తబడింది. "చాలా తేలిగ్గా దొరికేదండి."

"ఆపు!" అని అరుస్తూ జోషిత లోపలికి పరుగెత్తింది.

ఆమె వెంటనే వైష్ణవికి ఫోన్ చేసింది. తన ఒప్పుదల వెనక్కి తీసుకుంటానంది. వైష్ణవి ఒప్పుకోలేదు. "ఇన్ని ఇళ్ళలో పాప బతికేసింది కదండీ. ఇప్పుడు మళ్ళీ ఎలా చంపమంటారు?"

జోషిత పాత అచ్చు పుస్తకం తీసి దులిపింది. అన్నయ్య చేతి నాడిపట్టీ విప్పింది, తనదీ విప్పింది. ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చున్నారు. సూత్రధారి ఆమే.

"తాడు కట్టుకుని వెళ్తాను," అన్నాడు లోహిత్. పాచిక బాగానే పడింది.

"నీళ్ళు అటకను ముంచేశాయి," అని చదివింది జోషిత.

"తెప్ప మీద."

"తెప్ప వీధి దాటకముందే గట్టు రెండోచోట తెగింది."

అతను ఇంకా ఎన్నో విధాల వెళ్ళాడు. ఆమె ప్రతిసారీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదివింది. చివరికి అతను ఆడడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు.

"నా కోసమే ఇలా చెబుతున్నావు కదూ?"

"కాదన్నయ్యా. ఇది నువ్వు రాసిందే. చూడు, ఇక్కడే ఉంది."

"నేను రాసిందే," అన్నాడు. "నాకు నొప్పి తగ్గేలా నేనే రాసుకున్నాను. అమ్మ కూడా నా మొహం చూసే ఆ మాట అనుంటుంది. ఎవరైనా మొహం చూసే కదే చెప్పేది."

జోషిత ఏదో అనబోయింది. ఏమన్నా అది ఓదార్పు కిందే లెక్కవుతుందని అర్థమై ఆగిపోయింది. నిజం చెప్పడానికి వేరే గొంతేదీ ఆమె దగ్గర లేదు.

లోహిత్ ఒంటి చేత్తో చక్రం తిప్పుకుంటూ తన గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి అతని ముద్దమాట వినిపించింది, కథాసారథితో.

"గట్టు తెగిన దగ్గర్నుంచి చెప్పు. నేను వెనక్కెళ్తున్నాను."