పోవలసిన ఫ్యూజు

2009 డిసెంబర్. తెలంగాణ బంద్. మధ్యాహ్నం రెండుంబావు.

గోపన్‌పల్లి రోడ్డు పక్కన కారు కాలిపోయింది. లోపల శవం. పేరు జాన్సన్. నార్సింగిలో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఊరేగింపు వెళ్ళిపోయేదాకా తలుపులు లాక్ చేసుకుని, పాటలు పెట్టుకుని కూర్చున్నాడు.

బోరబండ ఆటోడ్రైవర్ మల్లయ్య ఆ కారు అద్దం మీద రాయి వేయడం నలుగురు చూశారు. ఆటో మీద ఉద్యమం జెండా. ఇంకేం కావాలి? రాయేసి నిప్పు పెట్టాడని మర్డర్ కేసు. లాకప్.

ఇన్‌స్పెక్టర్ చెన్నకేశవులుకు మాత్రం నమ్మకం కుదరలేదు. మూడో రోజు మల్లయ్యను స్టేషన్ ఆవరణలోని ఆ కారు దగ్గరికి రప్పించాడు. జాన్సన్ భార్య జాయ్స్ పొద్దున్నే వచ్చి అక్కడే నిలబడి ఉంది.

"రాయి ఎందుకేసినావు?"

"లోపట పొగ కనవడ్డది సార్. ఆయన సీట్ల వాలిపోయిండు. డోర్ రాలే. అద్దం పలగ్గొట్టి ఆయన్ని గుంజుదామనుకున్న. నా పిల్లల మీద ఒట్టు."

"అబద్ధమండీ! వీణ్ణి వదలకండి!" జాయ్స్ అరిచింది.

చెన్నకేశవులు ఆ రోజు కారు బయట రోడ్డు మీద ఏరిన అద్దం పెంకు చూపించాడు. లోపలివైపు మసి.

"రాయి పడకముందే లోపల పొగ ఉందమ్మా."

బానెట్ ఎత్తాడు. మంటలు అక్కడిదాకా రాలేదు. బ్యాటరీ నుంచి డిక్కీలోని పాటల ఆంప్లిఫయర్‌కు వెళ్ళే వైరు. మొదట్లోనే ఫ్యూజు.

"సన్న వైరు. ముప్పై ఆంపియర్ల ఫ్యూజే వేయాల. వైరు రేకుకు రాసుకుని తోలు ఊడింది. షార్ట్. ముప్పైదయితే వెంటనే పోయేది. ఇది వంద. పోలేదు. కార్పెట్ కింద వైరు పొడుగునా నిప్పయింది. మేమంతా కాలినవే వెతికినాం. కాలని ఫ్యూజును ఎవరూ చూడలేదు." ఆగాడు. "దీన్ని మార్చిందెవరు?"

ఎవరో మెకానిక్ అని ఆమె చెబితే బాగుండునని అతను గట్టిగా కోరుకున్నాడు.

జాయ్స్ బానెట్ దగ్గరికొచ్చి ఆ ఫ్యూజు వైపు చూసింది.

"చర్చివాళ్ళతో క్రిస్మస్ కేరల్స్‌కి ఇల్లిల్లూ తిరుగుతుంటే, కారులో పెట్టిన పాట మధ్యలో ఊరికే ఫ్యూజు పోయేదండి. ఆయనకి ఆఫీసులో తీరిక లేదని నేనే షాపుకెళ్ళాను. ఇంక పోకుండా పెద్దది ఇవ్వమన్నాను..."

చెన్నకేశవులు పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రిపోర్ట్ రాయకపోతే మల్లయ్య బతుకు జైల్లో తెల్లారుతుంది. రాస్తే ఈమె బతికినన్నాళ్ళూ కుములుతుంది. ఇద్దరినీ తప్పించే దారి ఏ సెక్షన్‌లోనూ లేదు. ఇంత చేతకానివాణ్ణేమిటని తనమీద తనకే ఏడుపొచ్చింది.

"నువ్వు ఇంటికి పో మల్లయ్యా."

మల్లయ్య కదల్లేదు. తల వంచుకుని ఆమెకు కాస్త దూరంలో నిలబడిపోయాడు.

"చిన్నదే వేసుంటే ఏమయ్యేదండీ?" జాయ్స్ అడిగింది.

చెన్నకేశవులు బానెట్ దించాడు.

"పాట ఆగిపోయేదమ్మా. అంతే."