ఆయిల్ పెయింట్ ముగ్గు

పొద్దున్నే గేటు దగ్గర అత్తగారి గొంతు వినబడితే చాలు, మాధురికి ఒళ్ళు మండిపోయేది.

"ఏం చెయ్యే తల్లీ నీది! చుక్క తప్పదు, గీత వంకర పోదు!"

ఆ మెప్పు కోడలికి కాదు, పైవాటాలో అద్దెకుండే యామినికి. బ్లౌజులకు మగ్గం వర్క్ చేసుకుని బతికే ఒంటరి పిల్ల. మౌలాలిలో ఆ ఇల్లు మాధురిది, గేటు మాధురిది, ముగ్గు మాత్రం యామినిది. ఇన్నేళ్ళ కాపురంలో వీరరాఘవమ్మ కోడలి కాఫీని కూడా అంత నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఊరుకునే మనిషా మాధురి? పెయింటర్‌ని పిలిపించింది. గేటు నుంచి పైవాటా దాకా మెట్లన్నిటికీ నిగనిగలాడే ఎర్ర ఆయిల్ పెయింట్, దాని మీద తెల్లటి ముగ్గులు.

"ఇక రోజూ ఎవరూ నడుం వంచక్కర్లేదు," అని అందరికీ వినబడేలా చెప్పింది.

వారం తిరక్కుండానే వాన కొట్టింది. "అక్కా!" అన్న కేకకు మాధురి పరుగెత్తింది. తడి మెట్టు మీద తన కాలు కూడా సర్రున జారితే కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. కింద యామిని కుడి మణికట్టు పట్టుకుని ఏడుస్తోంది. ఎందుకు పడిందో మాధురికి ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా నోరు విప్పలేదు.

ఆస్పత్రి నుంచి కట్టుతో వచ్చిన పిల్లను వీరరాఘవమ్మ హాల్లోనే కూర్చోబెట్టి, ముద్దపప్పు కలిపి నోటికి అందిస్తోంది. చెయ్యి విరిగిన పిల్ల! అది చూసి కూడా మాధురికి కడుపు రగిలింది. నాకు జ్వరమొస్తే ఏనాడైనా ఒక్క ముద్ద పెట్టిందా ఈవిడ?

అప్పుడే, సంగతి తెలిసి, వాళ్ళ ఇంటి ఇన్సూరెన్స్ ఏజెంట్ హరికిషన్ వచ్చాడు.

"మీ పాలసీల లయబిలిటీ సుత ఉంది సార్," అన్నాడు మాధురి భర్త పృథ్వీతో. "కిరాయికున్నోళ్ళకు దెబ్బ తాకితే ఆస్పత్రి ఖర్చు, పని పోయిన నష్టం ఇస్తరు. గానీ తప్పు ఓనర్‌దైతేనే. ఆమెనే సొంతంగ జారి పడితే పైసా రాదు. మెట్లకు ఈమధ్య ఏమన్న చేయించిన్రా?"

పృథ్వీ గతుక్కుమన్నాడు. "అబ్బే, ఏం లేదండీ. ఆ అమ్మాయి చెప్పులే అరిగిపోయినట్టున్నాయి. మన తప్పని ఒప్పుకుంటే రేపు కోర్టుకెక్కితే?"

యామిని తల దించుకుంది. ఆ చెయ్యి ఆడితేనే ఆమెకు పూట గడిచేది.

"ఛీ! పడ్డ పిల్ల మీదకే తోస్తావుట్రా?" వీరరాఘవమ్మ గయ్యిమంది. "ఆ మెట్లకు రంగు పూయించిందెవరు? అడుగు మీ ఆవిణ్ణి!"

"అవును, నేనే!" మాధురి భళ్ళున బద్దలైంది. "పొద్దున లేస్తే యామిని, యామిని! నాకు ముగ్గు రాదనేగా మీకు లోకువ! కళ్ళు కుట్టాయి, అందుకే పూయించాను! వానకు జారుతోందని తెలిసీ నోరు మూసుకున్నాను! రాసుకోండి హరికిషన్ గారూ, తప్పు నాదే!"

అని కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది.

యామిని వింతగా చూసింది. "నా మీద కుళ్ళా అక్కా? నాకేమున్నదని? పుట్టినకాడికెల్లి కిరాయిండ్లే. ఏ ఓనరమ్మ సుత గేటు ముంగట ముగ్గెయ్యనియ్యలే. మీరే ఎయ్యనిచ్చిన్రు. పొద్దుగాల గా జెరసేపు, ఈ ఇల్లు నాదే అనుకుంట ఏస్త. మీ గేటు చూసి నాకే కుళ్ళు."

వీరరాఘవమ్మ కలిపిన ముద్ద పట్టుకుని లేచి కోడలి దగ్గరకు వచ్చింది.

"నోరు తెరు. ఏడుస్తూనే తిను, ఫర్వాలేదు. చెప్పొచ్చుగా పిచ్చిదానా, నాకూ నాలుగు మంచి మాటలు కావాలని?"

మాధురి ఏడుస్తూనే తింది.

మర్నాడు పొద్దున పృథ్వీ మెట్ల రంగు గీకిస్తుంటే, మాధురి గేటు ముందు పిండి గిన్నెతో కూర్చుంది. యామిని పక్కన పీట మీద.

"కోడి కెలికినట్టుందే!" అంది అత్తగారు గుమ్మంలోంచి.

మాధురికి నవ్వొచ్చింది. "నీ చెయ్యి బాగవనీ యామినీ, సగం గేటు నీది, సగం నాది."

"సగమెందుకక్కా," అంది యామిని, "చుక్కలు నేను పెడ్త, గీతలు నువ్వు గుంజు."