చివరి చుక్క

ఆ షెడ్డులోంచి ఏ కారు బయటికి వెళ్లాలన్నా మేస్త్రీ ఆఖరిసారి బానెట్ ఎత్తి చూడాల్సిందే. చూసి ఊరుకోడు. ఎక్కడో ఒకచోట కాస్త నూనె పోస్తేగాని ఆయన మనసు ఒప్పదు. అందుకే చివరి చుక్క మేస్త్రీ అని పేరు పడింది. ఆ పేరంటే ఆయనకు పైకి విసుగు, లోపల బోలెడు ముచ్చట.

ఆ పొద్దున్న మాత్రం కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఆరేళ్లుగా షెడ్డులో తనతో పాటు పని చేసిన కూతురు, షెడ్డును ఆనుకున్న ఇంటి వసారాలో కూర్చుని తన పానాలన్నీ తుడిచి పెట్టెలో సర్దుకుంటోంది. వేరే ఊళ్లో పెద్ద వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. పదకొండు గంటల బస్సుకు వెళ్లిపోతోంది. వెళ్లొద్దని చెప్పాలని ఆయనకు ఉంది కానీ, నోరు తెరిస్తే సణుగుడే వస్తోంది. సొంత షెడ్డు వదిలి ఒకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడే ఖర్మేమిటని రెండుసార్లు గోడకు చెప్పినట్టు అన్నాడు. కూతురు ఇంకో పానా తీసి తుడిచింది.

అంతలో టీచరమ్మ కారు గేటు ముందు ఆగింది. గేర్లు మార్చే పనే లేని కారది. గేర్‌బాక్సులో రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఏడాదిన్నర కిందట కూతురు దానికి నూనె మార్చింది. నెల తిరక్కుండా గేర్‌బాక్సు పాడైపోయింది. అప్పుడు మేస్త్రీ షెడ్డు నిండా జనం ఉండగా కూతుర్ని కడిగేశాడు. ఆ తర్వాత ఆమె చేతికి ఎవరూ గేర్‌బాక్సు ఇవ్వలేదు. టైర్లు విప్పడం, బిగించడం మిగిలింది.

కొత్త గేర్‌బాక్సుకు మళ్లీ నూనె మార్చే వేళయిందని వసారా మెట్ల దాకా వచ్చి తాళాలిచ్చి, టీచరమ్మ గొంతు తగ్గించింది. "ఈసారి మీ చేత్తోనే చేయండి మేస్త్రీ. అమ్మాయికి ఇవ్వకండి."

మేస్త్రీ తలూపాడు. టీచరమ్మ తిరిగి గేటు దగ్గరికి వెళ్లింది.

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ భార్య చెవిన పడింది, ఆ తలూపడం కంటపడింది. ఆవిడ లోపలికి వెళ్లి, కూతురు వద్దమ్మా అంటున్నా వినకుండా, అరలోంచి రెండు చిన్న సీసాలు తెచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. పోసిన, తీసిన ప్రతి నూనెలోంచి కాస్త తీసి, తేదీ రాసి దాచడం కూతురికి అలవాటు. ఒక సీసాలో లేత ఆకుపచ్చ నూనె. రెండోదానిలో మురికి ఎరుపు.

"మొదటిది ఆ రోజు మీ అమ్మాయి పోసింది. రెండోది పాడయ్యాక అందులోంచి తీసింది. ఆ ఎర్రనూనె ఎవరిదో మీకు తెలియదా?"

మేస్త్రీకి తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆయన వేలికి అంటుకున్న రంగది. కూతురు పని ముగించిన మర్నాడు పొద్దున్న కారు ఇచ్చేముందు నూనె మట్టం చూసే కొలపుల్ల తీసి చూస్తే తక్కువగా కనిపించింది. తన డబ్బాలోంచి ఒక సీసాడు పోశాడు. ఆ సంగతి అక్కడే మరిచిపోయాడు.

"తక్కువుందనే పోశాను," అన్నాడు.

"చల్లగా ఉన్నప్పుడు చూశారు నాన్నా," అంది కూతురు, తల ఎత్తకుండానే. "ఇంజన్ నడుస్తుండగా, నూనె వేడెక్కాక చూడాలి. పైగా ఆ బెల్టుకు జారే నూనె పనికిరాదు, పట్టు ఉండాలి. మీది పోస్తే బెల్టు జారిపోతుంది."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"అంతమంది ముందు మీ పరువు తియ్యనా? ఇంట్లోకొచ్చాక చెబుదామనుకున్నాను. మీరు కంచం ముందు కూర్చుని, ఆడపిల్ల చేతికి గేర్‌బాక్సు ఇచ్చాను, నాదే బుద్ధి తక్కువ అన్నారు. ఇంక చెప్పబుద్ధి కాలేదు."

ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తు కూడా లేదు. గుర్తు లేకపోవడమే ఇప్పుడు ఎక్కువ నొప్పిగా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగితే కాఫీ పొగ మీదకు నెట్టాలని చూశాడు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

లేచి గేటు దగ్గరికి నడిచాడు. టీచరమ్మతో పాటు ఇంకో ఇద్దరు తమ కార్లతో నిలబడి ఉన్నారు. వాళ్లకూ వినబడేట్టే చెప్పాడు. "అప్పుడు మీ గేర్‌బాక్సు పాడు చేసింది మా అమ్మాయి కాదమ్మా. నేను. తను చక్కగా చేసినదాంట్లో చెయ్యి పెట్టాను." టీచరమ్మ తాళాలు ఆయన చేతిలోంచి తీసుకుని, వసారా దాకా వచ్చి, తనే కూతురికి ఇచ్చింది.

కూతురు గడియారం చూసుకుంది. సర్దిన పెట్టె మళ్లీ తెరిచింది. గేర్‌బాక్సు అడుగున ఉండే తట్ట విప్పి, పాత నూనె దించి, తట్టలోని అయస్కాంతాలకు అంటిన ఉక్కు పొడి తుడిచి, నూనె జల్లెడ మార్చింది. మేస్త్రీ అయిపోయిందనుకున్నాడు. ఆమె పక్కకు తిరిగి, నూనె చల్లార్చే డబ్బా వెనక నుంచి బొటనవేలంత కాగితం ఫిల్టరు ఒకటి బయటికి లాగింది. అక్కడ ఇంకొకటి ఉందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. దీపం పట్టుకుని నిలబడ్డాడు.

కొత్త నూనె పోసి ఇంజన్ నడిపారు. వేడెక్కేదాకా ఇద్దరూ పక్కపక్కనే ఆగారు.

"ఉండిపోకూడదూ?" అన్నాడాయన.

"అప్పట్నుంచి ఏడాదిన్నర ఉన్నాను కదా నాన్నా," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

కొలపుల్ల తీసి చూసి, మూత బిగించి, చేతులు కడుక్కుని ఆమె పెట్టె మూసింది. ఆ పెట్టె మేస్త్రీయే మోసుకుని బస్సు దాకా వెళ్లాడు. బస్సు కదిలేముందు ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన చొక్కా మీది నూనె మరక తుడవబోయింది. అది పోయే మరక కాదు. అయినా రెండుసార్లు తుడిచింది.

తిరిగొచ్చేసరికి టీచరమ్మ బండి ఎక్కి కూర్చుని ఉంది. ఆయన అలవాటుగా బానెట్ ఎత్తాడు. ఒక క్షణం చూసి, దించేశాడు.

"అదేమిటి మేస్త్రీ, మీ చివరి చుక్క వెయ్యలేదే?"

"అమ్మాయి చూసిందమ్మా," అన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. "నేను వెయ్యాల్సిందేమీ లేదు."