ఇనుప మూత మీద చెంగల్వ

సముద్రపు ఒడ్డున సాగరపురి అనే రాజ్యం ఉండేది. ఆ ఊరికి అందముంది, సంపదుంది, మంచి రాజూ ఉన్నాడు. లేనిదల్లా మురుగు తూములకు మూతలే. వీధుల కింద తూములు తవ్వించిన రాజుగారి తాతగారు పైన వాటి నోళ్ళు మూయించడం మరిచిపోయారు. వానాకాలం వీధినిండా నీళ్ళు నిలిస్తే ఏది బాటో, ఏది గొయ్యో తెలిసేది కాదు. చెంగల్వ అనే పిల్ల తండ్రి అలాంటి ఒక వానలోనే ఉప్పు తెస్తానని బజారుకు వెళ్ళి, తూములో పడి, మళ్ళీ ఇంటికి రాలేదు.

చెంగల్వ తల్లి ముత్తాంబ లోహాన్ని పోతపోయడంలో పేరున్న మనిషి. భర్త పోయిన దుఃఖంలోనే ఆమె తూములకు ఇనుప మూతలు పోసింది. కానీ నున్నటి ఇనుము తడిస్తే ఎవరి కాలు నిలుస్తుంది? జనం జారిపడి నడుములు విరగ్గొట్టుకున్నారు. తూర్పు సముద్రానికి అవతల, జపాను దేశంలోని మినాగావ నగరంలో వానలోనూ మంచులోనూ కాలు జారని మూతలున్నాయని ఓడవాళ్ళు చెప్పారు. రాజు సెలవిస్తే ముత్తాంబ ఆ విద్య నేర్చుకోవడానికి ఓడెక్కింది.

"వచ్చే వానలకల్లా వచ్చేస్తానే," అని కూతురి గడ్డం పట్టుకుని చెప్పింది.

వానలు వచ్చాయి, వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. ముత్తాంబ మాత్రం రాలేదు. చివరికి ఒక ఓడ సరంగు కబురు తెచ్చాడు. మినాగావ నేల కింద కాపురముండే జలభూతం, తన నగరపు విద్య పొలిమేర దాటకూడదని, ముత్తాంబను ఒక మూతలో బంధించిందట. చెంగల్వ కరువుతీరా ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, నాలుగు బట్టలు మూటకట్టుకుని అదే ఓడలో బయలుదేరింది.

మినాగావలో అడుగుపెట్టగానే ఆమెకు దిక్కు తోచలేదు. ఎటు చూసినా నేలమీద బొమ్మలే. గుండ్రటి ఇనుప మూతల మీద కొండలు, వంతెనలు, చేపలు, పూలకొమ్మలు. కొన్నిటికి రంగులు కూడా అద్దారు. మనకు బొమ్మకు కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు కదా. చెంగల్వ ప్రతి మూతనూ చుట్టి వెళ్ళింది. పొరపాటున అంచుకు పాదం తగిలితే వంగి కళ్ళకద్దుకుంది. చూసినవాళ్ళు నవ్వుకున్నారు, ఆమె పట్టించుకోలేదు.

వంతెన దగ్గర ఒక మూత మీది కొంగ బొమ్మ బురదలో కూరుకుపోయి ఉంది. చెంగల్వ దాన్ని తన ఓణీతో తుడిచింది. కొంగ మెల్లగా మెడ ఎత్తింది. మూతల మీది బొమ్మలకు రాని భాష లేదు.

"ఊరంతా నా వీపు మీదే నడుస్తుంది. నువ్వేమిటి, పక్కనుంచి పోతున్నావు?" అంది.

"బొమ్మను తొక్కితే పాపం కదండీ. మూతలో బందీ అయిన మా అమ్మను వెతుక్కుంటూ వచ్చాను."

కొంగ ఆమెను వింతగా చూసింది. "ఏ ఊరి పిల్లవో ఏమో. తుడిచావు గనక చెబుతున్నాను. మీ అమ్మ తాను చివరగా పోసిన మూతలోనే ఉంది. ఇక్కడివాళ్ళెవరూ ఎరగని పువ్వు ఉంటుంది దానిమీద. మిగతాది ఏటిగట్టున ఉన్న చేపనడుగు."

ఏటిగట్టున పిల్లలు ఒక మూత మీద ఎగిరి గంతులేస్తున్నారు. మూత మీది చేప కిలకిలా నవ్వుతోంది. "నువ్వూ ఒక గంతు వెయ్యవే," అంది చెంగల్వతో. ఆమె ఒప్పుకోలేదు. చేప చిన్నబుచ్చుకుంది. "అయితే దప్పికన్నా తీర్చు. గంతులకు నోరెండిపోయింది," అంది. చెంగల్వ ఏట్లోంచి దోసిళ్ళతో నీళ్ళు తెచ్చి, చేతులు కొంకర్లు పోయేదాకా పోసింది. దప్పిక తీరిన చేప నోరు తెరిచింది. లోపల చీకటిలోకి మెట్లు కనిపించాయి.

ఆ మెట్ల అడుగున జలభూతం నీళ్ళలో మెడదాకా కూర్చుని ఉంది.

"మా అమ్మను వదిలిపెట్టండి. మా ఊళ్ళో ఇంకా జనం తూముల్లో పడి పోతున్నారు," అంది చెంగల్వ. ఆమె కాలు వెనక్కి పడలేదు.

"మూతకు దక్కవలసింది దక్కితే మీ అమ్మ లేస్తుంది. నేను అడ్డం రాను," అంది భూతం. "దక్కనంతకాలం తుప్పు ఆమెను తింటుంది. ఏం దక్కాలో నువ్వే తెలుసుకో. రంగులద్దేవాళ్ళ సందుకు వెళ్ళు."

ఆ సందు చివర, జనం నడవని గోడ నీడలో, ఆమెకు కావలసిన మూత కనిపించింది. దానిమీద విచ్చుకున్న చెంగల్వ పువ్వు ఉంది. పరాయి దేశంలో చివరగా పోతపోసేటప్పుడు అమ్మ కూతురి పేరు తలుచుకుంది. చెంగల్వ మూతను కావలించుకుని ఏడ్చింది. తరవాత, ఏ కూతురైనా చేసే పనే చేసింది. మూతను కడిగింది, బొట్టుపెట్టింది. ఎవరి కాలూ పడకుండా చుట్టూ రాళ్ళు పేర్చింది. రోజూ పూలు పెట్టి మొక్కింది. తల్లికి దక్కవలసింది అంతకంటే ఏముంటుంది?

ఆకులు రాలాయి, చలి ముదిరింది. పువ్వు రేకుల మీద ఎర్రటి తుప్పు పాకింది. చెంగల్వ ఇంకా భక్తిగా కడిగి, ఇంకా ఎక్కువ మొక్కింది.

ఒక ఉదయం ఓసేన్ అనే ముసలామె కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చింది. ముత్తాంబ ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమె ఇంట్లోనే ఉండేది. అవ్వ మన మాటలు అలాగే నేర్చుకుంది.

"ఈ రాళ్ళు ఎవరు పెట్టారమ్మా?"

"నేనే అవ్వా. ఇందులో మా అమ్మ ఉంది. ఎవరూ తొక్కకూడదని."

అవ్వ అక్కడే చతికిలబడింది. "అయ్యో తల్లీ. ఈ రేకులు ఇంత ఎత్తుగా ఎందుకు పోసిందనుకున్నావు? అందానికా? తడిలో కాలికి పట్టు దొరకాలని. మీ నాన్న సంగతి చెప్పుకుని ఏడుస్తూ పోసింది. నడిచే కాళ్ళే మూతను బతికిస్తాయమ్మా. తొక్కకపోతే తుప్పు తినేస్తుంది."

చెంగల్వ గబగబా రాళ్ళు తీసేసింది. కాలు ఎత్తబోతే లేవలేదు. "తప్పయితే క్షమించమ్మా," అని కళ్ళు మూసుకుని, వట్టి పాదం ఆ చల్లటి పువ్వు మీద మోపింది.

ఇనుము వెచ్చబడింది. కళ్ళు తెరిచేసరికి ముత్తాంబ ఎదుట నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, చేతులు మాత్రం అవే చేతులు.

"అమ్మా."

ముత్తాంబ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఎవరమ్మా నువ్వు?" అంది.

తుప్పు తినగలిగినంత తిన్నది. తాను మొక్కిన ప్రతిరోజూ అమ్మ తనను కొంచెం మరిచిపోయిందని చెంగల్వకు తెలిసింది. ఆ బాధకు ఏ మాంత్రికుడి దగ్గరా మందు లేదు పిల్లలూ.

ఇద్దరూ సాగరపురికి తిరిగొచ్చారు. ముత్తాంబ మరిచిపోయిన విద్య ఆమె చేతులు మరవలేదు. వీధి వీధికీ మూతలు పోసింది. అన్నిటి మీదా ఒకటే పువ్వు. ఎందుకని రాజు అడిగితే, "తెలీదండి. చెయ్యి అదే చేస్తోంది," అంది. రాజు చెంగల్వను పోతశాలకు పెద్దను చేశాడు. పువ్వుల్ని తొక్కడానికి జనం జంకితే, ఆమే ముందు నడిచి చూపించింది. ఆ ఏడు వానల్లో ఏ ఇంటి మనిషీ తూములో పడలేదు. ఊరంతా పండగ చేసుకుంది.

ఆ వానల్లోనే ఒకరోజు చెంగల్వ ఉప్పుకోసం బజారుకు బయలుదేరింది. వాకిట్లో నిలబడిన ముత్తాంబ కంగారుగా పిలిచింది.

"అమ్మాయీ, పక్కన అడుగెయ్యకు, జారిపోతావు. ఆ పువ్వు మీద వెయ్యి."

తన పేరు అమ్మ నోట మళ్ళీ రాదని చెంగల్వకు తెలుసు. వానలో కన్నీళ్ళు ఎవరికీ కనబడలేదు. అమ్మ చెప్పినట్టే ఆమె పువ్వు మీద అడుగు వేసింది. కాలు జారలేదు.