ఖాళీ తూటా బయటికి రావడం లేదు

"వాళ్ల రైఫిల్ మొరాయిస్తోంది. మీరు వెళ్లి బాగుచేయాలి" అన్నారు అచ్యుతరావు.

ఏలూరు తంగెళ్లమూడిలో ఒక తివాచీల షాపు వెనక గది అది. ముందు గదిలో తివాచీలు అమ్ముతారు. వెనక గది గూఢచారి విభాగం కోస్తా ఆఫీసు. అచ్యుతరావు దానికి చీఫ్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ గోపీనాథ్ ఆయుధాల రిపేరులో శిక్షణ పొందాడు. పుట్టింది కొల్లేటి పక్క ఊళ్లో.

"బాగుచేయాలా, పాడుచేయాలా అండీ?"

"ముందు లోపలికి వెళ్లండి. ఆ తర్వాత సంగతి మీరే చూసుకోవాలి."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. టార్గెట్ డాక్టర్ వీరదుర్గ. జలాంతర్గాముల సోనార్‌కి కోడ్ రాసే శాస్త్రవేత్త. ఎల్లుండి ముదినేపల్లిలో తమ్ముడి గృహప్రవేశానికి వస్తోంది. ఆమెను అక్కడే చంపాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ని విడిభాగాలుగా తెప్పించారు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల స్పేర్ పార్టులని పెట్టెల మీద రాసి ఉంది. కొల్లేటి దగ్గర ఏదో చేపల చెరువు షెడ్డులో వాటిని బిగించారు.

"ఒక గుండు పేలుతోంది. ఖాళీ తూటా చాంబర్‌లోనే ఇరుక్కుంటోంది. అది బయటికి వస్తే కదా రెండోది లోపలికి వెళ్లేది! బిగించినవాడు భయపడి పారిపోయాడు. వాళ్లకి మెకానిక్ కావాలి. ఇందుజ మీ పేరు చెప్పింది."

"ఇందుజ ఎవరండీ?"

"డబుల్ ఏజెంట్. మిమ్మల్ని 'మీది ఉంగుటూరేనా' అని అడుగుతుంది. 'మా మేనత్తగారిదండీ' అనండి."

"మన మనిషేనా?"

"అనుకుంటున్నాం."

గోపీనాథ్ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి.

"ఆవిడ ప్రయాణం ఆపేయొచ్చు కదండీ?"

"ఆపితే ఇంకో ఊళ్లో చంపుతారు. రైఫిలూ మనుషులూ కలిసి దొరకాలి. ఏ చెరువో ఇందుజకి కూడా తెలియదు." అచ్యుతరావు ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చారు. "దీని పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. మీరు ఎక్కడుంటే అక్కడికి మేం వస్తాం."

మర్నాడు పొద్దున్నే గోపీనాథ్ తాడేపల్లిగూడెంలో ఒక లేత్ షాపు ముందు నిలబడ్డాడు. మీసం తీసేశాడు. గోళ్లలో గ్రీజు పట్టించాడు. తెల్ల కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది సత్తిరాజు. గూడెం మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారి. రెండు నెలల కిందట చేపల చెరువు లీజుకి తీసుకున్నాడు. వెనక సీట్లో ఇందుజ. గంధం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

కాలవ గట్టు మీద సత్తిరాజు కారు ఆపాడు.

"మీ సామాన్ల పెట్టె ఇలా ఇవ్వండి. అక్కడ మా దగ్గర అన్నీ ఉన్నాయండీ. మీకెందుకు బరువు?"

స్క్రూడ్రైవర్‌తో సహా పెట్టెని తీసుకెళ్లి కాలవలోకి విసిరాడు. గోపీనాథ్ సెల్‌ఫోన్ కూడా విసిరాడు.

"ఏవీ అనుకోవద్దండీ. పెద్దాయన పద్ధతి ఇదీ."

గోపీనాథ్‌కీ ఇందుజకీ కళ్లకి గంతలు కట్టాడు. ఇందుజ నల్ల కళ్లద్దాలు తీయనంది. గంత వాటి మీదే కట్టాడు.

గంత విప్పేసరికి గోపీనాథ్ ఒక రేకుల షెడ్డులో ఉన్నాడు. తవుడు వాసన. కిటికీ అవతల చెరువు. ఆ చెరువు పక్కన ఇంకో చెరువు, దాని పక్కన మరోటి. బల్ల మీద రైఫిల్. బల్ల వెనక విక్టర్. ముఠాని నడిపే విదేశీయుడు. చేతిలో పిస్టల్ ఉంది.

బయట ఢాం అని చప్పుడైంది. గోపీనాథ్ బల్ల కింద కూర్చున్నాడు.

సత్తిరాజు నవ్వాడు. "లేవండి. పక్షులని తోలుతున్నారంతే. చేపలెత్తుకుపోకుండా చెరువుల వాళ్లు టపాకాయలు పేలుస్తారు. మన తుపాకీ టెస్టింగూ అందులో కలిసిపోతుంది. ఎవడూ తలెత్తి కూడా చూడడు."

గోపీనాథ్ లేచాడు. రైఫిల్ విప్పడం మొదలుపెట్టాడు. ఒక పిన్ను కిందపడింది. విక్టర్ ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"చేతులెందుకు వణుకుతున్నాయని అడుగుతున్నారు" అంది ఇందుజ.

"పిస్టల్ పక్కన పెట్టుకుని పనిచేయడం అలవాటు లేదండీ."

ఆమె దగ్గరికి వచ్చింది. "మీది ఉంగుటూరేనా?"

"మా మేనత్తగారిదండీ."

ఆమె తల ఊపింది. వెళ్లి విక్టర్ పక్కన నిలబడింది. అంతకు మించి ఏమీ చేయలేదు. ఆ కోడ్ ఆమె తనను గుర్తుపట్టడానికి అడిగిందా, పట్టివ్వడానికి అడిగిందా అన్నది గోపీనాథ్‌కి తెలియలేదు.

లోపం త్వరగానే దొరికింది. పేలిన తూటా అంచుని పట్టి వెనక్కి లాగాల్సిన కొక్కెం జారిపోతోంది. ఎక్కడెక్కడివో భాగాలు తెచ్చి బిగించారు. ఒకదానికొకటి పొసగడం లేదు. కొత్త కొక్కెం పెట్టెలోనే ఉంది. బాగుచేయడం కష్టం కాదు.

బాగుచేస్తే రేపు వీరదుర్గ చచ్చిపోతుంది. బాగుచేసినట్టు నటిస్తే విక్టర్ కాల్చి చూస్తాడు, ఈ మధ్యాహ్నం తను చచ్చిపోతాడు. ట్రాన్స్‌మిటర్ కాలవ అడుగున ఉంది.

అవతల చెరువు మీద మళ్లీ ఢాం. కాసేపు ఆగి ఇంకోటి.

గోపీనాథ్ చేయి ఆగింది. చిన్నప్పుడు తన ఊళ్లో విన్న చప్పుడు గుర్తొచ్చింది. చెరువులో గాలి అందక చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుంటాయి. గంట ఆలస్యమైతే చెరువంతా చస్తుంది. అప్పుడు రైతు టపాకాయలు ఆగకుండా వరసగా పేలుస్తాడు. విన్నవాళ్లంతా తమ పని వదిలి మోటార్లూ మందులూ వలలూ పట్టుకుని వస్తారు. ఒకటి పేలితే పక్షి. వరసగా పేలితే చేప. ఉల్లిపాయలు అమ్మేవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఇన్నాళ్లూ ఒక్కో గుండే పేలింది కాబట్టి వాళ్ల రహస్యం దాగింది. రైఫిల్ చెడిపోవడమే వాళ్లని కాపాడింది.

అయితే ఆ పద్ధతి ఈ చెరువుల మీద కూడా ఉందా? ఇంకా ఉందా? ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి. ఎవరూ రాకపోతే, ఒక మనిషిని చంపే ఆయుధం తను చేతులారా తయారుచేసి ఇచ్చినట్టే.

కొక్కెం మార్చాడు. ఈసారి నిజంగానే బాగుచేశాడు.

"అయిందండీ. వరసగా అయిదు కాల్చి చూడమనండి."

విక్టర్ ఒక వేలు చూపించాడు. ఒకటి చాలన్నాడు.

"ఒకటి ఇదివరకూ పేలింది కదండీ" అన్నాడు గోపీనాథ్.

ఇందుజ కళ్లద్దాలు సర్దుకుంది. విక్టర్‌తో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడింది. అతను భుజాలు ఎగరేసి కిటికీ దగ్గరికి వెళ్లాడు. చెరువులో తేలుతున్న పీపాకి గురిపెట్టాడు.

అయిదూ పేలాయి. అయిదు ఖాళీ తూటాలూ సిమెంటు నేల మీద గలగలా పడ్డాయి.

తర్వాత నిశ్శబ్దం. గోపీనాథ్ విన్నాడు. మోటారు చప్పుడు లేదు. మనిషి కేక లేదు.

విక్టర్ కొత్త తూటాలు నింపాడు. రైఫిల్ గోపీనాథ్ వైపు తిప్పాడు.

"ఇక్కడ వద్దండీ" అన్నాడు సత్తిరాజు. "కడగలేక చావాలి. మీరు గట్టు మీదకి రండి. ఏవీ అనుకోకండీ."

గోపీనాథ్ నడిచాడు. సత్తిరాజు మోచెయ్యి పట్టుకుని సాయం చేశాడు. ఇందుజ వెనకాలే వచ్చింది. ఆమె చేతి సంచీ మూసే ఉంది. నీళ్ల అంచున మోకరించమన్నారు. నీళ్లలో తన ముఖం, దాని వెనక రైఫిల్ గొట్టం కనిపించాయి. వీరదుర్గకి ఎవరు చెబుతారు? ఆమె ప్రయాణం ఎవరు ఆపుతారు?

అప్పుడు ఒక మోటార్ సైకిల్ వినిపించింది. దాని వెనక ట్రాక్టర్.

"ఏవండీ! చేప తేలిందాండీ?"

పక్క చెరువు రైతు పైడిరాజు గట్టు మీదుగా వస్తున్నాడు. భుజాన విసురు వల. వెనక సీటు మీద అతని భార్య పెద్దింటమ్మ ఆక్సిజన్ బిళ్లల బస్తా పట్టుకుని కూర్చుంది. అటు గట్టు మీద ఇంకో ట్రాక్టర్. కాలవలో పడవ. చెడ్డీల మీద మనుషులు పరుగెత్తుకొస్తున్నారు.

విక్టర్ రైఫిల్‌ని కాలి పక్కకి దించాడు.

"తేలలేదండీ" అన్నాడు సత్తిరాజు. "ఏమీ లేదు. వెళ్లండి."

"లేకపోతే అన్ని పేల్చారేంటండీ? అన్నం మధ్యలో లేచొచ్చాం!"

"ఏదో, సరదాకండీ."

"సరదాకా?" అంది పెద్దింటమ్మ. "మీ ఏరేటర్లు ఎందుకు తిరగట్లేదు? కరెంటు పోయిందా? ఈయనెందుకు మోకాళ్ల మీద కూర్చున్నాడు? పాపం, ఏడుస్తున్నాడు. ఏవండీ, చేపలన్నీ పోయాయా?"

గోపీనాథ్ నోరు తెరిచాడు. "వాడి చేతిలో తుపాకీ!"

విక్టర్ రైఫిల్ ఎత్తాడు. పైడిరాజు ఆలోచించలేదు. చేతిలో ఉన్నది విసిరాడు. వల విచ్చుకుని విక్టర్ తల మీంచి మోకాళ్ల దాకా పడింది. గుండు చెరువులోకి పోయింది. రెండోది పేలకముందే నలుగురు అతని మీద ఉన్నారు.

పరుగెత్తబోయిన సత్తిరాజు ఆగిపోయాడు. ఇందుజ పిస్టల్ అతని మెడకి ఆని ఉంది.

"ఏవీ అనుకోవద్దండీ" అంది ఆమె.

గోపీనాథ్ పైడిరాజు ఫోన్ అడిగి తీసుకుని అచ్యుతరావుకి చెరువు గుర్తులు చెప్పాడు. తర్వాత ఇందుజ వైపు తిరిగాడు.

"నన్ను మోకరించమన్నప్పుడు మీ పిస్టల్ ఎక్కడుందండీ?"

"సంచీలో."

"తీయలేదే?"

"ఎవరు గెలుస్తారో చూస్తున్నానండీ."

మర్నాడు ముదినేపల్లిలో గృహప్రవేశం జరిగింది. వీరదుర్గ అందరితో కలిసి బంతిలో కూర్చుంది. గోపీనాథ్ ఆమె ఎదురు వరసలో పులిహోర వడ్డిస్తున్నాడు. అచ్యుతరావు మనుషులు వాకిట్లో ఉన్నారు. ఏ ప్రమాదమూ లేదని అతనికి తెలుసు.

వంటశాలలో గుండిగ మూత జారి గచ్చు మీద పడింది.

బంతిలో ఎవరూ తలెత్తలేదు. వీరదుర్గ మాత్రం వంగి బల్ల కిందకి చూసింది. పులిహోర పళ్లెం గుండెలకి హత్తుకుని గోపీనాథ్ అక్కడ కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ, ఏమైనా పడేసుకున్నారా?"

"ధైర్యమండీ" అన్నాడు గోపీనాథ్. "మీరు భోంచేయండి. నేను వెతుక్కుంటాను."